నలభీమపాకానికి తొలిమెట్లు

పాఠ్యభాగ పరిచయం

ఉన్నత విద్య కోసమో, ఉద్యోగం కోసమో ఇల్లు విడిచి వెళ్లే యువతీయువకులకు మొదటి వారంలోనే ఎదురయ్యే సమస్య భోజనం. నిత్యం బయటి తిండి తినడం ఆరోగ్యానికీ, సంపాదనకూ భారమే. స్వయంగా వండుకోవడం నేర్చినవారు ఆ భారం నుంచి బయటపడడమే కాక, నలుగురిని పిలిచి ఆదరంగా భోజనం పెట్టగలుగుతారు. ఏ వంటకైనా ఆధారమైన కొన్ని మూలసూత్రాలను కారణాలతో సహా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

రుచికరమైన భోజనాన్ని ‘నలభీమపాకం’ అని మెచ్చుకోవడం తెలుగువారి వాడుక. నలుడు నిషధ దేశాన్ని ఏలిన రాజు. భీముడు గదాయుద్ధంలో ఆరితేరిన వీరుడు. పాండవుల అజ్ఞాతవాస కాలంలో భీముడు వలలుడనే పేరుతో విరాటుని వంటశాలలో పాకాధ్యక్షుడుగా పనిచేశాడు. నలుని పేర ‘పాకదర్పణం’ అనే సంస్కృత గ్రంథం ప్రచారంలో ఉంది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు రచించిన ‘మానసోల్లాసం’లో వంటకాల వివరణకు ప్రత్యేక స్థానం లభించింది. వంట స్త్రీలకే పరిమితమైన పని కాదనీ, శ్రద్ధతో అభ్యసించవలసిన విద్య అనీ వీటివల్ల స్పష్టమవుతుంది.

కొత్తగా వంట నేర్చుకొనేవారిలో చాలామంది అతిథులు వచ్చే రోజునే పది రకాలు వండాలని ఆరాటపడతారు. ఫలితంగా ఒకటి మాడిపోతుంది, మరొకటి ఉడకదు. విందుకు గొప్పతనం వంటకాల సంఖ్యవల్ల రాదు. వండిన నాలుగూ చక్కగా కుదిరితే అదే మంచి విందు. అవి కుదరాలంటే నిప్పు, నీరు, రుచి, పోపు అనే నాలుగింటి స్వభావం తెలియాలి.

నిప్పు: మంట పెంచితే వంట త్వరగా పూర్తవుతుందన్న అభిప్రాయం అన్నివేళలా నిజం కాదు. సముద్రమట్టం వద్ద నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. మూత లేని గిన్నెలో మరుగుతున్న నీటికి ఎంత మంట పెట్టినా వేడి అంతకు మించదు. నీరు ఆవిరై, ఇంధనం వృథా అవుతుంది. కనుక పప్పు పొంగు వచ్చిన తరువాత మంట తగ్గించాలి. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడివల్ల ఉష్ణోగ్రత సుమారు 120 డిగ్రీల వరకు చేరుతుంది. అందుకే అందులో పప్పు త్వరగా ఉడుకుతుంది. నూనె విషయం వేరు. అది 100 డిగ్రీలు దాటి వేడెక్కుతూ పోయి, చివరకు అంటుకొనే ప్రమాదం ఉంది. మూకుడులో నూనె అంటుకొంటే నీళ్లు పోయరాదు. పొయ్యి ఆర్పి, లోహపు మూతతో మూకుడును పూర్తిగా కప్పాలి.

నీరు: అన్నానికి సాధారణంగా ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు సరిపోతాయి. పాత బియ్యం ఎక్కువ నీటిని పీల్చుకొంటాయి. కొత్త బియ్యానికి నీళ్లు తగ్గించకపోతే అన్నం ముద్దవుతుంది. బియ్యాన్ని అరగంట నానబెడితే మెతుకు సమంగా ఉడుకుతుంది. ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలు చెబుతారు. పొయ్యి ఆర్పిన తరువాత పది నిమిషాలు మూత తీయకుండా ఉంచితే అన్నం ఉమ్మగిలి పొడిపొడిగా వస్తుంది.

రుచి: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అనేవి షడ్రుచులు. వీటిని ఎంత వేయాలో తెలిస్తే చాలదు; ఎప్పుడు వేయాలో కూడా తెలియాలి. కందిపప్పు మెత్తబడకముందే చింతపండు పులుసు పోస్తే, పులుపు కారణంగా పప్పు ఉడకడం ఆలస్యమవుతుంది. పప్పు పూర్తిగా మెత్తబడిన తరువాతే పులుపు చేర్చాలి. చారు మరిగేకొద్దీ నీరు తగ్గి ఉప్పదనం పెరుగుతుంది. కనుక మొదట ఉప్పు కొంచెం తక్కువ వేసి, దించేముందు రుచి చూసి సరిచేయాలి. తక్కువైన ఉప్పును కలపవచ్చు. ఎక్కువైన ఉప్పును తీయడం సాధ్యం కాదు. మిరపకాయ అమెరికా ఖండానికి చెందిన పంట. 1498 తరువాత పోర్చుగీసువారి రాకతో అది మన దేశంలో వ్యాపించింది. అంతకు పూర్వం కారానికి మిరియాలే ముఖ్యం. మిరియాల చారులో ఆ పాత రుచి నేటికీ నిలిచి ఉంది.

పోపు: పోపు దినుసుల సువాసన నీటిలో కన్న నూనెలో బాగా కరుగుతుంది. అందువల్ల చెంచాడు పోపు గిన్నెడు పప్పుకు పరిమళం ఇస్తుంది. దినుసులన్నీ ఒకేసారి వేస్తే కొన్ని మాడుతాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి. వేగడానికి ఎక్కువ సమయం పట్టే సెనగపప్పు, మినపప్పు మొదట వేయాలి. అవి రంగు మారుతుండగా ఆవాలు వేయాలి. ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిర్చి, చివరకు ఇంగువ, కరివేపాకు చేర్చాలి. కరివేపాకును తడి లేకుండా తుడవాలి. తడి తగిలితే నూనె చిందుతుంది. మెంతులు మాడితే చేదెక్కుతాయి కనుక వాటిని వాడేటప్పుడు మంట తగ్గించాలి.

ఈ సూత్రాలు తెలిసినవారు అన్నం, పప్పు, వంకాయ కూర, దోసకాయ పచ్చడి, చారు, పెరుగుతో సంతృప్తికరమైన విందు చేయగలరు. వడ్డించవలసిన వేళనుబట్టి పనులను వెనుకనుంచి లెక్కించుకోవాలి. పెరుగు ముందురోజు రాత్రే తోడుపెట్టాలి. చల్లారినా రుచి చెడని పచ్చడిని ముందుగా చేయాలి. కొన్ని దోసకాయలు చేదుగా ఉంటాయి. చిన్న ముక్క రుచి చూసిన తరువాతే తరగాలి. వంకాయలను ఒకే పరిమాణంలో కోస్తే ముక్కలన్నీ సమంగా మగ్గుతాయి. కోసిన వెంటనే ఉప్పునీళ్లలో వేస్తే ముక్కలు త్వరగా నల్లబడవు. అన్నం వడ్డనకు కొద్దిసేపటి ముందు సిద్ధం కావాలి. పప్పుకు, చారుకు పోపు చివరన పెట్టాలి. ఎన్నడూ వండని వంటకాన్ని తొలిసారిగా అతిథులకు వండరాదు. ముందొకసారి తమ కోసం వండి చూసుకోవాలి.

ఇలా సిద్ధపడినవారికి విందునాడు కంగారు ఉండదు. వారు వంటగదికే పరిమితం కాక, అతిథుల పక్కన కూర్చుని కొసరి వడ్డించగలరు. ఆతిథ్యానికి నిండుదనం అప్పుడే చేకూరుతుంది.

కఠినపదాలు – అర్థాలు

పాకాధ్యక్షుడు = వంటశాల అధికారి
ఉమ్మగిలు = లోపలి ఆవిరితో మగ్గు
పరిమళం = సువాసన
కొసరి = ఇంకొంచెం తీసుకొమ్మని బలవంతపెట్టి
ఆతిథ్యం = అతిథి మర్యాద

వ్యాకరణాంశాలు

పాకాధ్యక్షుడు = పాక + అధ్యక్షుడు – సవర్ణదీర్ఘ సంధి
నలభీములు = నలుడును, భీముడును – ద్వంద్వ సమాసం
షడ్రుచులు = ఆరైన రుచులు – ద్విగు సమాసం

ప్రశ్నలు

1. విందుకు గొప్పతనం వంటకాల సంఖ్యవల్ల రాదన్న అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
2. పోపు దినుసులను వరుసక్రమంలో వేయవలసిన అవసరమేమిటి?
3. పప్పు మెత్తబడిన తరువాతే పులుపు ఎందుకు చేర్చాలి?
4. అజ్ఞాతవాసంలో భీముడు ఏ పేరుతో పనిచేశాడు?