అలర్జీ ప్యానెల్ అమ్మే ముందు

ల్యాబ్‌లో పనిచేసే మనకు నెలాఖరు టార్గెట్ కొత్త కాదు. అలర్జీ ప్యానెల్ ఖరీదైన టెస్టు, అందుకే మేనేజర్ దాన్నే అమ్మమంటాడు. అమ్మండి. కానీ అది దేన్ని పట్టుకుంటుందో, దేన్ని పట్టుకోదో తెలుసుకుని అమ్మండి. లేకపోతే రేపు డాక్టరుతో మాట పడేది మీరే.

టోటల్ ఐజీఈ పెరిగితే అలర్జీ అని కౌంటర్ దగ్గరే చెప్పేయకండి. కడుపులో నులిపురుగులున్నా అది పెరుగుతుంది. నార్మల్‌గా ఉన్నంత మాత్రాన అలర్జీ లేదనీ కాదు. స్పెసిఫిక్ ఐజీఈ 0.35 దాటితే ఆ పదార్థానికి శరీరంలో ఐజీఈ తయారైందని మాత్రమే అర్థం. శెనక్కాయలకు పాజిటివ్ వచ్చిన పిల్లవాడు రోజూ ఆ చట్నీ తిని బాగానే ఉంటే, మాన్పించాలో వద్దో డాక్టరు చెప్పాలి, మనం కాదు. సెట్రిజిన్ లాంటి మాత్రలు ఆపాల్సింది స్కిన్ ప్రిక్ టెస్టుకు. రక్తపరీక్షకు ఆపి రమ్మనకండి.

చిత్తూరు వైపు జూన్, జూలై అంటే తోతాపురి సీజన్. గుజ్జు ఫ్యాక్టరీలో సొన పడి చేతులు బొబ్బలెక్కిన ఆమె వస్తుందనుకోండి. ఐజీఈ నార్మల్ అని రిపోర్టు ఇస్తాం. అది చూసి సూపర్‌వైజర్ "అలర్జీ లేదు, డ్యూటీకి రా" అంటాడు. తప్పు అక్కడే జరుగుతుంది. సొన వల్ల ఒకటి రెండు రోజులకు తేలే చర్మవ్యాధికి ఐజీఈతో పనిలేదు. వయ్యారిభామ కలుపు వల్ల వచ్చే దురద కూడా ఎక్కువగా ఇదే రకం. ప్యాచ్ టెస్టు కోసం రుయా లాంటి పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరును కలవమని చెప్పండి.

ఆస్తమా రోగికి బయోలాజిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టాలా అని తేల్చుకోవడానికి డాక్టరు ఈసినోఫిల్ కౌంట్ చూస్తారు. 150, 300 అంకెల దగ్గర నిర్ణయం మారిపోవచ్చు. ముందురోజు ఊళ్ళో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని వస్తే కౌంట్ పడిపోతుంది. అడగనిదే రోగి ఆ సంగతి చెప్పడు. ఒమలిజుమాబ్ మొదలుపెట్టాక టోటల్ ఐజీఈ పెరగడం మామూలే. మందు ఐజీఈని పట్టుకుని రక్తంలో నిలిచిపోతుంది కాబట్టి అంకె పెరుగుతుంది. మందు పనిచేయలేదని ఎవరితోనూ అనకండి.

నైట్ డ్యూటీలో కందిరీగ కుట్టి షాక్‌లో కేసు వస్తే ముందు అడ్రినలిన్, ఆ తర్వాతే బ్లడ్. ట్రిప్టేజ్ శాంపిల్ లక్షణాలు మొదలైన ఒకటి రెండు గంటల్లో తీస్తే మేలు, నాలుగు గంటలు దాటనివ్వకండి. 24 గంటలు గడిచాక ఇంకొకటి తీయాలి. రెండోదాన్ని 1.2తో హెచ్చించి 2 కలపండి. మొదటిది అంతకు తగ్గకపోతే అనాఫిలాక్సిస్‌కు బలమైన ఆధారం. రెండోది 5 అయితే మొదటిది కనీసం 8 ఉండాలి. ట్యూబు మీద టైమ్ లేకపోతే ఈ లెక్కంతా వృథా.

రేపటి షిఫ్ట్ నుంచే కలెక్షన్ ఫారంలో మూడు గడులు చేర్చండి: లక్షణాలు మొదలైన టైమ్, వాడుతున్న మందులు, రోగి చేసే పని. ఎంత రద్దీ ఉన్నా ఆ మూడూ నింపందే సూది పెట్టకండి. ఎమర్జెన్సీ అయితే టైమ్ ఒక్కటి రాసుకుని, మిగతావి తర్వాత నింపండి.