రిఫరీ తీర్పును తిరిగి చూడాలా?

మా ఊళ్లో పొలంగట్టు తగువు ముదిరితే సర్వేయరును పిలిచి గొలుసు వేయిస్తారు. పక్కవాడి గేదె గట్టు మీద గడ్డి మేసిందని మాత్రం ఎవరూ గొలుసు వేయించరు. ఫుట్‌బాల్‌లో వీడియో పరిశీలన గురించి హాస్టల్లో వాదన వచ్చినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది.

ఈ పద్ధతిని 2018లో ఆట నియమాల్లో చేర్చారు. ఆ ఏడే రష్యాలో జరిగిన ప్రపంచ కప్పులో వాడారు. అప్పుడు తిరిగి చూడనిచ్చినవి నాలుగే: గోలా కాదా, పెనాల్టీయా కాదా, నేరుగా ఇచ్చిన రెడ్ కార్డు, ఒకడికి చూపాల్సిన కార్డు ఇంకొకడికి చూపడం. అదీ పొరపాటు కొట్టొచ్చినట్టు కనబడితేనే. మామూలు ఫ్రీకిక్కుకు రిఫరీ ఈలే ఆఖరి మాట.

ఇందులో చిక్కేమిటో ఆ ఫైనల్లోనే బయటపడింది. ఫ్రాన్సు ఆటగాడు గ్రీజ్మన్ పడిపోతే ఫ్రీకిక్ ఇచ్చారు. కావాలనే పడ్డాడని చాలామంది అన్నారు. ఆ బంతి క్రొయేషియా ఆటగాడు మాంజుకిచ్ తలకు తగిలి వాళ్ల గోల్లోకే పోయింది. ఫ్రీకిక్ కాబట్టి తిరిగి చూసే వీల్లేదు. అదే ఆటలో పెరిసిచ్ చేతికి బంతి తగిలిందంటే రిఫరీ వెళ్లి తెర చూసి పెనాల్టీ ఇచ్చాడు. ఫ్రాన్సు 4–2తో గెలిచింది. అయినా ఫ్రీకిక్కులన్నీ చూడమని నేననను. ఫ్రీకిక్ తప్పుగా ఇచ్చినా అడ్డుకోవడానికి పదకొండు మందీ ఉంటారు కదా!

ఆఫ్‌సైడ్ దగ్గర నా ఫిజిక్సు అడ్డొస్తుంది. కెమెరా సెకనుకు 50 బొమ్మలు తీస్తుందనుకుందాం. సెకనుకు 8 మీటర్లు పరుగెత్తేవాడు బొమ్మకీ బొమ్మకీ మధ్య 16 సెంటీమీటర్లు జరుగుతాడు. బంతిని తన్నిన క్షణం ఆ రెండింటి మధ్య పడితే, బొటనవేలు ముందుందని గీత గీయడం ఏం లెక్క? 2022లో ఖతార్ కప్పులో బంతిలోనే సెకనుకు 500 సార్లు సంకేతమిచ్చే పరికరం పెట్టారు. అలాంటిది లేనిచోట, అంత దగ్గరి తేడాకు మైదానంలో ఇచ్చిన తీర్పునే ఉంచాలి.

నాకు బాగా తగిలింది రెండో పసుపు కార్డు సంగతి. నిరుడు ఒక కాలేజీల పోటీలో నన్ను రెండు పసుపు కార్డులతో బయటికి పంపారు. రెండోసారి నా కాలు బంతికే తగిలింది. ఆట అయ్యాక అవతలి కుర్రాడే వచ్చి, "నన్ను తగల్లేదన్నా" అన్నాడు. అప్పటికి పదిమందితో ఆడి ఓడిపోయాం. అక్కడ కెమెరా లేదు సరే, ఉన్నా లాభం లేకపోయేది. రెండో పసుపుతో వచ్చే రెడ్ కార్డును 2018 నియమంలో చేర్చలేదు. నేరుగా ఇస్తే చూడొచ్చునట! ఎలా ఇచ్చినా బయటికి పోయేది ఆ మనిషే, జట్టుకు మిగిలేది పదిమందే. కాబట్టి దాన్నీ చూడాల్సిందే అంటాను.

"అలాగైతే మొదటి పసుపు కార్డూ చూడాలిగా!" అన్నాడు నా రూమ్మేటు. అక్కర్లేదన్నాను. దాంతో ఎవడూ బయటికి పోడు. పైగా నా మొదటి కార్డును ఎన్నిసార్లు చూసినా లాభం లేదు, వాడి చొక్కా నిజంగానే లాగాను.