బడిగంట మ్రోగని దినములలో బాలల యారోగ్యము

కరోనా వ్యాధి కారణమున 2020 మార్చి 25వ తేదీ మొదలు మన దేశమంతటను లాక్‌డౌను విధింపబడెను. వేళకు మేల్కాంచుట, నడచి బడికేగుట, సాయంకాలమున నాడుట, పెందలకడ నిద్రించుట యను మంచి యలవాటులు బడిగంటను బట్టియే నడచుచుండెనని యప్పుడు మనకు తేటపడెను. గంట నిలువగా నవియు సడలెను. ఫోను తెరయెదుట కూర్చుండుట హెచ్చెను.

దీని ఫలము కన్నులయందు కానవచ్చెను. చీనాదేశమందలి ఫేచెంగ్ పట్టణమున 2015 మొదలు 2019 వరకు 6 ఏండ్ల బాలలలో దూరపు వస్తువులు మసకగా కనబడు హ్రస్వదృష్టి గలవారు నూటికి ఆరుగురికి మించలేదు. 2020లో నూటికి 21 మందికి పైగా నుండిరి. ఆరుబయటి వెలుతురు కనుగ్రుడ్డు మితిమీరి పొడవగుటను కొంతవర కడ్డగించును. ఇంటిలోపల నంతటి వెలుతురు లభింపదు.

అయినను ఆ కాలమున మనము సబ్బుతో చేతులు కడుగుకొనుటకు విశేషముగా నలవాటుపడితిమి. దానిని విడువరాదు.

విద్యార్థులారా! 5 మొదలు 17 ఏండ్ల వారికి దినమునకు సగటున 60 నిమిషముల వ్యాయామము వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. సెలవులలోను ఆరుబయట నాడుడు. తల్లిదండ్రులారా! రాత్రివేళ ఫోనును పిల్లల పడకయొద్ద నుంచకుడు. బడి లేని దినములకును ఇంటిలో నొక వేళాపట్టిక యేర్పరచుకొందము.