సర్టిఫికెట్ ముందా, అనుభవం ముందా?

ప్రశ్న: నిరుడు విజయనగరంలో బీటెక్ పూర్తి చేశాను. అనుభవం లేదని కంపెనీలు వెనక్కి పంపుతున్నాయి. అప్పు చేసైనా రెండు మూడు క్లౌడ్ సర్టిఫికెట్లు తెచ్చుకోమని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, రామతీర్థం

జవాబు: అప్పు వద్దు, ఒక్క సర్టిఫికెట్ చాలు. దరఖాస్తుల గుట్టలోంచి మీ పేరు పైకి తేవడం వరకే దాని పని. ఇంటర్వ్యూలో ‘సర్వర్ ఆగిపోతే మొదట ఏం చూస్తావు?’ అని అడిగితే, చేత్తో చేసినవారే తడుముకోకుండా చెప్పగలరు.

1. అమెజాన్ వారి క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్ష ఫీజు 100 డాలర్లు, పన్ను అదనం. ఆ సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది. కోచింగ్ సెంటర్ ఇచ్చే కోర్సు పత్రం దీనికి సాటిరాదు.

2. పరీక్షకు ముందే ఒక పని చేసి చూపండి. మీ ఊరి కిరాణా కొట్టు అరువు ఖాతాకు చిన్న యాప్ రాసి, క్లౌడ్‌లో నడపండి. కావాలని చెడగొట్టి, బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టండి. క్లౌడ్ బిల్లు హెచ్చరిక పెట్టుకోవడం మరవద్దు.

3. కోడ్‌ను గిట్‌హబ్‌లో ఉంచి, ఎక్కడ తప్పింది, ఎలా సరిచేశారో తెలుగులోనైనా రాసుకోండి. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది అదే.

4. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం ‘నాట్స్’ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. స్టైపెండ్‌తో పాటు నిజమైన అనుభవం దక్కుతుంది.

ఆరు నెలలైనా టెక్నికల్ రౌండ్‌కు పిలుపు రాకపోతే, రెజ్యూమె పట్టుకుని మీ కాలేజీ ప్లేస్‌మెంట్ అధికారిని కలవండి. డబ్బిస్తే అనుభవ పత్రం ఇస్తామనేవారిని నమ్మవద్దు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.