చేతిలోని విద్యుత్తు

శ్రీకాకుళము జిల్లా పొందూరులో సన్ననూలు వడకు స్త్రీ ఏకును రెండు వ్రేళ్ల నడుమ మెల్లగా పట్టును. పట్టు బిగిసినను, సడలినను పోగు చెడును.

ఈ నేర్పునకు మూలము విద్యుత్తు. వెన్నుపాములోని నరకణములు పంపు విద్యుత్సంకేతములచే చేతికండరములు ముడుచుకొనును. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు నరములోని విద్యుత్తును సమీకరణములుగా వ్రాసిరి. 1993లో ఫుగ్ల్‌వాండ్ మున్నగువారు కంప్యూటరుపై 120 నరకణముల నమూనా నిర్మించిరి. అందు చిన్నకణములు ముందు, పెద్దవి పిదప పనికి దిగును. కనుకనే బలము కొద్దికొద్దిగా పెరిగి, సుకుమారమైన పట్టు సాధ్యమగును.

చేయి కోల్పోయినవారికి ఈ శాస్త్రము ఆశ. మిగిలిన కండరముల విద్యుత్తే కృత్రిమహస్తమునకు ఆజ్ఞ యగుచున్నది. అయినను పొందూరు వ్రేళ్ల నేర్పును ఆ హస్తము ఇంకను అందుకొనలేదు.