కమిట్ మెసేజ్‌లో ‘ఎందుకు’ రాయండి

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడిచే లినక్స్ కెర్నల్ కోసమే 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ని తయారుచేశారు. వేలమంది ఒకే కోడ్ మీద పనిచేస్తుంటే, ఫలానా లైన్ ఎందుకు మారిందో ఎలా తెలుస్తుంది? కమిట్ మెసేజ్ చదివితేనే!

కోడ్ రివ్యూలో నేను ముందు చూసేది అదే. ‘బగ్ ఫిక్స్’, ‘అప్‌డేట్’ అని మాత్రమే ఉంటే ఏమీ అర్థం కాదు. ఏం మారిందో డిఫ్‌లో ఎలాగూ కనిపిస్తుంది. ఎందుకు మార్చారో రాసినవాళ్లే చెప్పాలి. ఉదాహరణకు:

ఫిక్స్: కెమెరా టైమౌట్‌ని 3 సెకన్లకు పెంచు

పాత ఫోన్లలో కెమెరా ఓపెన్ కావడానికి 1 సెకను చాలట్లేదు. యాప్ క్రాష్ అవుతోంది.

మొదటి లైన్ 50 అక్షరాల లోపు ఉంటే మంచిది, చివర ఫుల్‌స్టాప్ అక్కర్లేదు. తర్వాత ఒక లైన్ ఖాళీ వదలండి. కింద కారణం రాయండి, లైన్‌కి 72 అక్షరాలు దాటకుండా. ‘పెంచాను’ అని కాకుండా ‘పెంచు’ అని రాయడం పద్ధతి. గిట్ తనంతట తాను రాసే ‘మెర్జ్’, ‘రివర్ట్’ మెసేజ్‌లు కూడా ఇలాగే ఉంటాయి. ‘ఫిక్స్’, ‘ఫీచర్’ లాంటి ట్యాగ్‌లు టీమ్ అంతా ఒకేలా వాడితే లాగ్‌లో వెతకడం ఈజీ. ఇంకోటి, ఒక కమిట్‌లో ఒకే మార్పు పెట్టండి.

ఆరు నెలల తర్వాత టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆ 3 చూసి, ‘ఇంతసేపు ఎందుకు?’ అని మళ్లీ 1 చేయబోతారు. గిట్ బ్లేమ్‌తో ఈ కమిట్ వెతికి చదివితే ఆగిపోతారు. పాత ఫోన్ వాడేవాళ్ల కెమెరా బతికిపోతుంది.