పాత స్నానం, కొత్త ఇల్లు
(బాలింతకు, పసిబిడ్డకు నీళ్ళు పోసే పెద్దలకు ఒక పాఠం)



కాన్పు అయి బిడ్డను ఇంటికి తీసుకువెళ్ళే రోజున మా వార్డులో దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్, నీళ్ళు ఎప్పుడు పోయాలి?" టీకాల గురించి, మాత్రల గురించి తర్వాత అడుగుతారు. ముందు స్నానం సంగతే. అందుకే ఈసారి పాఠం స్నానం గురించి.

ఒక చలికాలం తెల్లవారుజామున తాండూరు వైపు పల్లె నుండి ఒక బాలింతను, పన్నెండు రోజుల బిడ్డను ఆటోలో తీసుకువచ్చారు. తల్లికి స్పృహ లేదు. బిడ్డ మెత్తగా వేలాడిపోతున్నాడు. ఏమైందని అడిగితే "గాలి సోకింది" అన్నారు. తల్లి జుట్టు సాంబ్రాణి వాసన వేస్తోంది. "గదిలో నిప్పు పెట్టారా?" అని అడిగితే అప్పుడు చెప్పారు. నీళ్ళు పోసి, ఇద్దరినీ బాత్‌రూమ్ పక్కనున్న చిన్న గదిలో పడుకోబెట్టి, మంచం కింద కుంపటి పెట్టి, చలిగాలి రాకుండా కిటికీకి గుడ్డలు కుక్కి తలుపు వేశారట. వెంటనే ఆక్సిజన్ పెట్టాము. దేవుని దయవల్ల ఇద్దరూ కోలుకున్నారు.

వరండాలో కూర్చున్న అమ్మమ్మ ఏడుపు మాత్రం ఆగలేదు. "మా అమ్మ నాకు ఇట్లనే చేసింది. నేను నా నలుగురు పిల్లలకు ఇట్లనే చేసిన. అప్పుడు కానిది ఇప్పుడెందుకయింది సిస్టరమ్మా?"

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆమె చేతిలో తప్పు లేదు. మారింది ఇల్లు.

అప్పుడు కానిది ఇప్పుడెందుకయింది?

పాత రోజుల్లో నీళ్ళ కాగు దొడ్లో ఉండేది. కట్టెల పొయ్యి ఆకాశం కిందే మండేది. తడిక చాటున బండ వేసి బాలింతకు నీళ్ళు పోసేవారు. కుంపటి పెట్టినా పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. ఇప్పుడు స్లాబు ఇళ్ళు వచ్చాయి. చిన్న గది, బిగుతైన తలుపు, గట్టిగా మూసుకునే కిటికీ. అనంతగిరి వైపు నుండి చలి కొట్టే నెలల్లో ఉన్న ఒక్క సందునూ మూసేస్తాము.

బొగ్గు, కట్టె, గ్యాస్ ఏది మండినా గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండవలసిన చోట అది చేరి కూర్చుంటుంది. "పొగ లేదు కదా, నిప్పులే కదా" అనుకోవద్దు. పొగ రాని ఎర్రటి నిప్పుల నుండి కూడా అది వస్తుంది. నిద్రలో ఉన్నవారికి తెలియకుండానే స్పృహ పోతుంది.

చలి దేశంవారి పద్ధతి

యూరప్‌కు ఉత్తరాన ఫిన్లాండ్ అనే దేశముంది. అక్కడ ప్రతి ఊళ్ళో, దాదాపు ప్రతి ఇంట్లో "సౌనా" అనే వేడి స్నానపు గది ఉంటుంది. రాళ్ళను బాగా కాచి, వాటిపై నీళ్ళు చల్లి ఆ ఆవిరిలో కూర్చుంటారు. 2020లో యునెస్కో సంస్థ ఈ సంప్రదాయాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పూర్వం అక్కడి పల్లెల్లో స్త్రీలు సౌనాలోనే కాన్పు అయ్యేవారు. వెచ్చగా, శుభ్రంగా, వేడినీళ్ళు దొరికే చోటు అదే కాబట్టి. ఇప్పుడు వారు కూడా ఆసుపత్రిలోనే ప్రసవిస్తారు.

మనం గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. వారి పాతకాలపు సౌనాకు పొగగొట్టం ఉండేది కాదు. గంటల తరబడి కట్టెలు మండించి రాళ్ళు కాచేవారు. తర్వాత మంట పూర్తిగా ఆరనిచ్చి, పొగ, గాలి బయటికి పోనిచ్చి, ఆ తర్వాతే మనుషులు లోపలికి వెళ్ళేవారు. వేడి మాత్రం రాళ్ళలో మిగిలి ఉండేది. నిప్పు ఉండగా మనిషి లోపల ఉండకూడదు, ఇదీ వారి నియమం. మనం సౌనా కట్టుకోనక్కరలేదు. బాలింతకు, పసిబిడ్డకు అంత వేడి పనికిరాదు కూడా. ఈ ఒక్క నియమం మన ఇంటికి తెచ్చుకుంటే చాలు.

ఇంట్లో పాటించవలసినవి

1. నిప్పు బయట, వేడి లోపల. నీళ్ళు బయట కాచి లోపలికి తేవాలి. బాలింత గదిలో కుంపటి పెట్టవద్దు. వెచ్చదనానికి దుప్పటి, టోపీ, సాక్సులు, అన్నిటికంటే మిన్నగా తల్లి ఒడి ఉన్నాయి. బిడ్డను తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తగిలేలా పెట్టి పైన దుప్పటి కప్పితే, అంతకు మించిన కుంపటి లేదు.

2. గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ లోపల ఉండకూడదు. గీజర్, సిలిండర్ రెండూ బయట గాలి ఆడే చోట పెట్టించి, పైపు ద్వారా నీళ్ళు లోపలికి తెచ్చుకోవాలి. లోపలే ఉంటే బకెట్లు నింపుకుని, గీజర్ ఆపి, తలుపు కాసేపు తెరిచి ఉంచి, తర్వాత స్నానం చేయాలి. వెంటిలేటర్‌ను అట్టతో, గుడ్డతో మూయవద్దు.

3. కరెంటు రాడ్డు పెట్టిన బకెట్‌లో చేయి పెట్టి వేడి చూడవద్దు. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, రాడ్డు బయట పెట్టాకే నీళ్ళు ముట్టుకోవాలి. పిల్లలు తిరిగే చోట రాడ్డు వద్దు.

4. ముందు చన్నీళ్ళు, తర్వాత వేడినీళ్ళు. బకెట్‌లో చన్నీళ్ళు పోసి వేడినీళ్ళు కలపాలి. 60 డిగ్రీల నీళ్ళు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి. పసిబిడ్డ చర్మం ఇంకా పలుచన. బిడ్డకు 37 లేక 38 డిగ్రీలు చాలు. థర్మామీటర్ లేకపోతే మోచేయి ముంచి చూడండి. గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. పని చేసి మొద్దుబారిన అరచేతికి వేడి సరిగా తెలియదు.

5. బిడ్డకు మొదటి స్నానం తొందర వద్దు. పుట్టిన తర్వాత కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువున్న బిడ్డకు డాక్టరు చెప్పేవరకు గుడ్డతో తుడిస్తే చాలు. స్నానం త్వరగా ముగించి, తల ముందు తుడిచి, వెంటనే పొడిగుడ్డ చుట్టండి. బిడ్డ పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి పడుతోందని గుర్తు. రెండూ చల్లగా ఉంటే ప్రమాదం.

6. నూనె ఒంటికే. కొబ్బరినూనెతో మెల్లగా మర్దన చేయడం మంచిదే, మానవద్దు. కాని ముక్కులో, చెవిలో, గొంతులో నూనె వేయవద్దు. ముక్కులో, గొంతులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తేవచ్చు. ముక్కులో, చెవిలో నోటితో ఊదవద్దు. పసిబిడ్డ రొమ్ములు పిండవద్దు. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె రాయవద్దు. పొడిగా ఉంచితే దానంతట అదే ఊడిపోతుంది. సున్నిపిండి గరుకు లేత చర్మానికి పనికిరాదు. అది తల్లికి వాడుకోండి.

7. సాంబ్రాణి పొగ బిడ్డకు పట్టవద్దు. తల్లి జుట్టు ఆరడానికి ఎండ, పొడి తువ్వాలు చాలు.

8. బాలింతను ఒంటరిగా వదలవద్దు. రక్తం తక్కువగా ఉన్న బాలింతకు మరీ వేడినీళ్ళు పోస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పీట మీద కూర్చోబెట్టి పోయండి. వావిలాకు వేసి కాచిన నీళ్ళు ఒంటికి హాయిగా ఉంటాయి, పోసుకోవచ్చు. ఆపరేషన్ అయినవారు కుట్ల మీద నీళ్ళు ఎప్పుడు పడనీయాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. లోపలి గొళ్ళెం పెట్టవద్దు.

9. బండ జారకుండా చూడండి. మన తాండూరు బండలు పేరున్నవే. కాని పాలిష్ పట్టిన బండపై సబ్బు, నూనె పడితే కాలు నిలవదు. బాత్‌రూమ్‌లో పాలిష్ లేని గరుకు బండ వేయించండి. బిడ్డను ఎత్తుకుని తడి బండపై నడవవద్దు.

ప్రమాదం జరిగితే

తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం, మత్తు, బిడ్డ పాలు తాగకపోవడం, ఒళ్ళు మెత్తబడటం కనిపిస్తే తలుపులు, కిటికీలు తెరిచి అందరినీ బయటి గాలికి తీసుకురండి. 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి రాగానే "గదిలో కుంపటి ఉంది" లేక "గ్యాస్ గీజర్ వేశాం" అని చెప్పండి. తిడతారని దాచవద్దు. ఆ ఒక్క మాటతో వైద్యం వెంటనే మొదలవుతుంది.

చివరి మాట

ఆశా కార్యకర్త కాన్పు తర్వాత 42 రోజుల వరకు మీ ఇంటికి వస్తారు. నీళ్ళు పోసే చోటు ఆమెకు చూపించి సలహా అడగండి.

ఆ అమ్మమ్మతో మేము "ఇకపై నీళ్ళు పోయవద్దు" అనలేదు. ఇంటికి వెళ్ళే ముందు వార్డులోనే ఆమె చేత మనవడికి స్నానం చేయించాము. మోచేయి ముంచి వేడి చూసింది. ఒడిలో పడుకోబెట్టుకుని మెల్లగా పోసింది. బిడ్డ ఏడవలేదు. ఆ నేర్పు మాకు పుస్తకాల్లో దొరకదు. యేసు ప్రభువు కూడా పళ్ళెంలో నీళ్ళు పోసుకుని శిష్యుల పాదాలు కడిగి ప్రేమ అంటే ఏమిటో చూపించాడు. నీళ్ళు పోయడం ప్రేమగల పని. ఆ ప్రేమను కొనసాగించండి. కుంపటిని మాత్రం గది బయట పెట్టండి.